38 ఏళ్లు, 94 కిలోలు, షిఫ్టు ఉద్యోగం: జియు-జిట్సులో దిగొచ్చా? (తిరుపతి)

రేణిగుంట_షిఫ్టు:

అందరికీ నమస్కారం. వయసు 38, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 94. పదేళ్లుగా వ్యాయామం సున్నా. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ 40 ఒకటి వేసుకుంటా, షుగర్ లేదు. పని రేణిగుంట వైపు, వారం వారం షిఫ్టు మారుతుంది. ఇల్లు బైరాగిపట్టెడ. వారానికి రెండు పూటలు, గంటన్నర చొప్పున తీయగలను, అంతకు మించి కుదరదు. పోటీల మీద ఆశ లేదు. నేల మీద పెనుగులాడి కీళ్లకు, మెడకు పట్టు వేసే బ్రెజిలియన్ జియు-జిట్సు నేర్చుకోవాలని మాత్రం గట్టిగా ఉంది.

ముందు బరువు తగ్గించుకుని చేరాలా, ఇలాగే చేరొచ్చా? మన ఊళ్లో "నేర్పిస్తాం" అనేవాళ్లలో ఎవరికి నిజంగా వచ్చో ఎలా కనిపెట్టాలి? గీ (ఈ ఆటకు వేసుకునే మందపాటి నూలు చొక్కా, ప్యాంటు) కొనడానికి తొందరపడాలా? పైన ఎవరైనా బరువు వేసి పడుకుంటే ఊపిరాడదేమో అన్నదే అసలు భయం. కాస్త వివరంగా చెప్పండి.

సగం_గార్డు:

బరువు తగ్గాక చేరదాం అనుకుంటే అది సంక్రాంతి నుంచి ఉగాదికి, ఉగాది నుంచి దసరాకి జరుగుతూనే ఉంటుంది. చేరండి అన్నా. కాకపోతే నాలుగు వారాలు ఇంట్లో ఒళ్లు కదిలించి వెళ్లండి. ఆయాసం గురించి బెంగ వద్దు, అది మ్యాట్ మీదే తగ్గుతుంది. దెబ్బ తగిలేది కీళ్లకు, మెడకు, పక్కటెముకలకు. గుండె, ఊపిరి రెండు నెలల్లో దారికొస్తాయి. స్నాయువులు గట్టిపడటానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. ఊపిరి వచ్చింది కదా అని మూడో నెలలో జోరు పెంచినవాళ్లే మోకాలో భుజమో పట్టుకుని కూర్చుంటారు.

"అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాం, మాకేం" అనుకోవడం మన ఊళ్లో మామూలే. మూడున్నర వేల మెట్లు ఎక్కే కాళ్లు ఉండటం మంచిదే. కానీ ఇద్దరూ నిజంగా పట్టుపట్టి ఆడే ఐదు నిమిషాల రోల్‌లో ముందు అలసిపోయేవి మునిచేతులు, పొట్ట, మెడ. మెట్లెక్కితే వాటికి పని పడదు. మెట్లే మీ వ్యాయామం అయితే వారానికోసారి ఎక్కండి, దిగేటప్పుడు బస్సెక్కండి. 94 కిలోలతో దిగడం మోకాలి చిప్పకు ఎక్కడం కంటే కష్టం.

ముందు డాక్టరు. బీపీ చూపించి "మనిషి మీద మనిషి పడి పెనుగులాడే ఆట, ఊపిరి బిగబట్టే సందర్భాలుంటాయి" అని విడమరిచి చెప్పండి. ఉత్తినే వ్యాయామం అంటే నడక అనుకుని సరే అంటారు. ఈసీజీ, తినకముందు షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించుకోండి. మందు వేసుకుంటున్నా బీపీ 160/100 దగ్గర ఉంటే అది దిగేదాకా క్లాసు వద్దు. మెడలో డిస్కు సమస్య, హెర్నియా, రక్తం పలచబరిచే మందులు, కంటి రెటీనాకు చికిత్స, వీటిలో ఏదున్నా దాచకుండా చెప్పాలి.

ఇంకో మాట. టెల్మిసార్టాన్ వాడే మనిషి క్లాసులో చెమటోడ్చి, ఇంటికొచ్చి ఒళ్లునొప్పులకు డైక్లోఫినాకో ఐబుప్రొఫెనో మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. ఆ అలవాటు చేసుకోకండి. ఓఆర్ఎస్ కూడా క్లాసుకొక ప్యాకెట్ తాగేది కాదు. లీటరు ప్యాకెట్‌లో 2.6 గ్రాముల ఉప్పే కాక సోడియం సిట్రేట్ కూడా ఉంటుంది. మంచినీళ్లు, ఉప్పు తగ్గించిన పలచటి మజ్జిగ చాలు.

ఇంట్లో నాలుగు వారాలు, రోజు విడిచి రోజు, 20 నిమిషాలు. మూడే కదలికలు.

బ్రిడ్జ్: వెల్లకిలా పడుకుని మడమలు పిరుదులకు అంటేలా లాక్కోండి. నడుము నిటారుగా పైకి లేపకండి, ఒక భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఆ మూలకు ఎత్తండి. నిటారుగా ఎత్తితే బరువంతా మెడ మీద పడుతుంది. అటు 8, ఇటు 8.

ష్రింప్: ఒక కాలు మడిచి పాదాన్ని నేలకు గట్టిగా తొక్కి, పక్కకు తిరిగి, నడుముని వెనక్కి తోయండి. చేతులు ఎదుటివాడి తుంటిని నెడుతున్నట్టు ముందుకు. నడుము జరగకుండా భుజాలే జరుగుతుంటే మీరు కాలితో తొక్కడం లేదని అర్థం. అటు 10, ఇటు 10.

టెక్నికల్ స్టాండప్: కూర్చుని కుడిచేయి వెనక ఆనించండి. ఎడమ పాదం నేల మీద, ఎడమచేయి ముఖం ముందు. నడుము లేపి కుడికాలిని కిందనుంచి వెనక్కి లాగి నిలబడండి. అటు 5, ఇటు 5. 94 కిలోలకు అన్నిటికంటే కష్టం ఇదే. మణికట్టు నొప్పెడితే అరచేయి బదులు పిడికిలి ఆనించండి.

మొదటి వారం ఇవన్నీ రెండు చుట్లు, నాలుగో వారానికి నాలుగు చుట్లు. టైల్స్ మీద చాప పరుచుకుంటే జారుతుంది, మోచేతులు గీసుకుపోతాయి. మీటరు చదరపు 40 ఎం.ఎం. ఇంటర్‌లాక్ మ్యాట్లు ఆరు ఉంటే 2 మీటర్లు, 3 మీటర్ల జాగా వస్తుంది, సరిపోతుంది. మిద్దె మీద ఎండలో వదిలేయకండి, వంకర తిరిగి పళ్లు కలవవు.

ఊదాబెల్టు:

ఎవరికి వచ్చో కనిపెట్టడం సులువే. బోర్డు మీద ఎం.ఎం.ఎ., కరాటే, కిక్ బాక్సింగ్ అన్నీ రాసి చివర్లో జియు-జిట్సు అని ఉంటే అది ప్రచారమా పాఠమా అన్నది మూడు ప్రశ్నల్లో తేలుతుంది.

"సార్, మీ బెల్టు ఏది, ఎవరు కట్టారు?" ఈ ఆటలో బెల్టుకు వంశవృక్షం ఉంటుంది. జపాన్ నుంచి బ్రెజిల్ వెళ్లిన జూడో మనిషి మిత్సుయో మయేదా, ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ, ఆయన తమ్ముడు హీలియో, అక్కడి నుంచి కొమ్మలు. నిజమైన కోచ్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, ఉత్సాహంగా చెబుతాడు. బెల్టుల వరుస తెలుపు, బ్లూ, పర్పుల్, బ్రౌన్, బ్లాక్. ఈ ఆట అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ లెక్క ప్రకారం బ్లూలో కనీసం 2 ఏళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి. తెల్లబెల్టు కాలం వదిలేసినా నాలుగున్నరేళ్లు. మూడేళ్లలో బ్లాక్ బెల్టు అయ్యానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బ్లూ బెల్టు మనిషి నిజాయతీగా "నాకింతే వచ్చు" అని నేర్పిస్తుంటే మాత్రం చులకన చేయకండి. మన ఊరి సైజుకు అదీ విలువైనదే.

"మొదటి రోజే రోల్ చేయిస్తారా?" చేయిస్తామంటే అది ధైర్యం కింద రాదు, అజాగ్రత్త కింద వస్తుంది. సాధారణంగా క్లాసు ఇలా ఉంటుంది: 10 నుంచి 15 నిమిషాలు వార్మప్, అరగంట టెక్నిక్, ఆపైన ఒక పొజిషన్ నుంచి మొదలుపెట్టి ఆడించడం, చివర్లో ఐదేసి నిమిషాల రోల్స్. కొత్తవాడు మొదటి రెండు వారాలు చివరి భాగం చూసినా తప్పు లేదు.

"మ్యాట్లు ఎప్పుడు తుడుస్తారు?" రోజూ అని రావాలి జవాబు. బాత్రూంకి ఉత్తకాళ్లతో వెళ్లి అవే కాళ్లతో మ్యాట్ ఎక్కుతుంటే ఫీజు ఎంత తక్కువైనా వద్దు.

ఆరునెలల ఫీజు ముందే కట్టమంటే ఒప్పుకోకండి. షిఫ్టు ఉద్యోగానికి నెలవారీయే నయం.

ఊళ్లో సరైన చోటు దొరక్కపోతే జూడో వెతకండి. శ్రీనివాస క్రీడా సముదాయానికి వెళ్లి, జూడో, కుస్తీ నేర్పేవాళ్లు ఎవరని అక్కడ ఆడేవాళ్లనే అడగండి. జూడోలో నేల మీద పట్టు భాగాన్ని నే-వాజా అంటారు, దాని రక్తమే ఇది. పడటం కూడా బాగా వస్తుంది. నెలకోసారి చెన్నైలోనో బెంగళూరులోనో డ్రాప్-ఇన్ క్లాసు (చేరకుండా ఒక్క పూటకు వెళ్లేది) చేసుకోవచ్చు. చెన్నై రోడ్డు మీద మూడున్నర నాలుగు గంటలు, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు.

మామిడితోట_చిత్తూరు:

జూడో మాట దగ్గర నేను ఒప్పుకోనన్నా. పడటం నేర్చుకోవాల, అది కరెక్టే. కానీ 38 ఏళ్లు, 94 కిలోల మనిషిని నిలబెట్టి విసిరే రాండోరిలో దింపితే వారానికే భుజం పోతాది. జూడో క్లబ్బుకు పోతే పోండి, వెనక్కి, పక్కకు పడటం మాత్రం నెల రోజులు నేర్చుకోండి. ముందు చతికిలబడి, తర్వాత గొంతుకూర్చుని, ఆ తర్వాతే నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించుకోవాల. పడేటప్పుడు అరచేయి వెనక ఆనిస్తే మణికట్టు, మోచేయి విరిగేది అక్కడే. చేయంతా ఒళ్లుకు ఓరగా, అరచేయి కిందికి, నేలను చరచాల. "నేల మీద ఆట వరకే వస్తాను, విసిరేదానికి వద్దు" అని కోచ్‌కు ముందే చెప్పేయండి. బాగా తెలిసినవాడు ఏమీ అనుకోడు.

అట్లనే జియు-జిట్సు క్లాసులో కూడా కొందరు పిలకాయలు ఎగిరి మీ నడుముకు కాళ్లు వేసేస్తారు, జంపింగ్ గార్డ్ అంటారు. మీ మోకాలు లోపలికి విరిగే పని అది. "నాతో వద్దు తమ్ముడూ" అని మొదట్నే చెప్పాల.

ఊదాబెల్టు:

చిత్తూరు అన్న మాట న్యాయమే, నిలబడి రాండోరి వద్దు. నే-వాజా, పడటం, అంతవరకే.

రేణిగుంట_షిఫ్టు:

చాలా ఉపయోగం అన్నా. కింద పడి ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో ఇంకాస్త చెప్పండి. నైట్ షిఫ్టు వారం సంగతి కూడా.

సగం_గార్డు:

మన కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓటమి. ఇక్కడ వీపు మీద పడ్డాకే ఆట మొదలు. కాబట్టి కింద పడ్డామన్న కంగారును ముందు వదిలించుకోవాలి. కొత్తవాళ్లకు ఊపిరాడకపోవడానికి పైవాడి బరువు సగం కారణం, తాము ఊపిరి బిగబట్టడం మిగతా సగం. పైవాడు బరువు వేసినప్పుడు పొట్టతో చిన్న చిన్నగా తీసుకుని, నోటితో ఊదుతూ వదలండి. ఊదే శబ్దం మీకే వినపడాలి. వినపడకపోతే బిగబట్టారన్నమాట.

సైడ్ కంట్రోల్‌లో, అంటే పైవాడు మీ ఛాతీ మీద అడ్డంగా పడుకున్నప్పుడు, వెల్లకిలా ఉండిపోవడమే పెద్ద తప్పు. ఒక మునిచేయి అతని గొంతు కింద, రెండోది తుంటి దగ్గర పెట్టండి. మోచేతులు మీ పక్కటెముకలకు అంటుకునే ఉండాలి. చేతులు చాచి బెంచ్ ప్రెస్ కొట్టినట్టు తోస్తే రెండు పనులు జరుగుతాయి: పది సెకన్లలో చేతులు వణుకుతాయి, చాచిన చేయిని అతను మోచేతి దగ్గర విరిచే పట్టుకు, అంటే ఆర్మ్‌బార్‌కు తీసుకుంటాడు. తోయాల్సింది అతన్ని కాదు, మీ నడుముని. ఒకసారి బ్రిడ్జ్, దానివల్ల వచ్చిన బెత్తెడు సందులో ష్రింప్, ఆ సందులోకి కింది మోకాలు. ఇంట్లో చేసిన డ్రిల్ పనికొచ్చేది ఇక్కడే. కింద ఉండి అతని తల చంకలో బిగించి పట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. దానివల్ల మీ చేయి బందీ అవుతుంది, అతనికి ఏమీ కాదు.

మౌంట్, అంటే పొట్ట మీద కూర్చున్నప్పుడు: అతని ఒక చేయిని రెండు చేతులతో మీ ఛాతీకి హత్తుకోండి, అదే వైపు పాదాన్ని మీ పాదంతో బయటినుంచి అడ్డుకోండి, ఆ భుజం మీదుగా మూలకు బ్రిడ్జ్ ఎత్తి తిరగండి. బోల్తా పడటం లేదంటే తొంభై పాళ్లు పాదం అడ్డుకోవడం మరిచారు, అతను కాలు చాపి ఆపుకుంటున్నాడు. లేదా మీ మడమలు పిరుదులకు దూరంగా ఉన్నాయి, ఎత్తే బలం రావడం లేదు.

తిరిగి అతని క్లోజ్డ్ గార్డ్‌లోకి, అంటే అతని కాళ్ల మధ్యకు వస్తారు. అక్కడ ఒక చేయి లోపల, ఒక చేయి బయట పెట్టకండి, కాళ్లతో మెడ, చేయి కలిపి బిగించే ట్రయాంగిల్‌కు తలుపు తీసినట్టే. రెండూ లోపల ఉండాలి, లేదా రెండూ బయట. వీపు నిటారుగా.

ట్యాప్, అంటే "ఒప్పుకున్నా, వదిలేయ్" అనే సైగ గురించి. అతని ఒంటి మీద గట్టిగా రెండు మూడు సార్లు కొట్టండి. చేతులు ఇరుక్కుంటే కాలితో నేలను కొట్టండి, లేదా నోటితో "ట్యాప్" అనండి. మెడకు రెండు వైపులా రక్తనాళాలు నొక్కే చోక్ సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ పోతుంది, నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి కోసం ఎదురుచూడకండి. మడమ తిప్పే హీల్ హుక్‌లో ఇంకా ఘోరం, నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంటు పోతుంది. మొదటి ఏడాది కాళ్ల పట్లు వద్దని భాగస్వామికి ముందే చెప్పండి. సబ్‌మిషన్ (ఓటమి ఒప్పించే పట్టు) కాకపోయినా, పక్కటెముకల మీద బరువు భరించలేకపోయినా ట్యాప్ చేయొచ్చు. పక్కటెముకల మధ్య కండ బెణికితే తుమ్మినా నొప్పే, ఆరు వారాలు పోతాయి.

భాగస్వామిని ఎంచుకోవడమే సగం రక్షణ. మీకంటే తేలికైన బ్లూ, పర్పుల్ బెల్టులు మీకు దేవుళ్లు. రెండు నెలల క్రితం చేరిన ఇరవై రెండేళ్ల బలశాలి తెల్లబెల్టు దగ్గర జాగ్రత్త. వాడికి ఆపుకోవడం తెలియదు. "ఇవాళ కూర్చుంటా" అనడం మర్యాద తక్కువ కాదు. మీ వైపు బాధ్యత కూడా ఉంది. 94 కిలోలతో ఎవరి మీదా దబ్బున పడకండి, మోకాళ్లు, అరచేతులు ముందు ఆనించి బరువు దించండి.

మొదటి నెల క్లాసుకు ఒక రోల్, రెండో నెల రెండు, మూడో నెల నుంచి మూడు. నైట్ షిఫ్టు వారంలో పగలు ఐదు గంటలకంటే తక్కువ నిద్రపోతే టెక్నిక్ చేసి రోల్ మానేయండి. నిద్ర లేని శరీరం ట్యాప్ ఆలస్యంగా చేస్తుంది. షిఫ్టు దిగి ఆరింటికి నేరుగా క్లాసుకు పోవడం అసలు వద్దు. ఆ వారం ఒక్క క్లాసే కుదిరినా ఇంట్లో పై మూడు కదలికలు చేస్తే వెనకబడరు.

బ్లూ బెల్టు ఎప్పుడని అడగలేదు, సంతోషం. వారానికి రెండు పూటలకు రెండేళ్లు దాటొచ్చు.

కపిలతీర్థం_రోడ్డు:

బట్టలు, చర్మం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

గీ తొందరపడి కొనకండి. మొదటి నెల జేబులు, జిప్పులు లేని షార్టు, ఒంటికి అంటిన రాష్ గార్డ్ లేదా బిగుతు టీషర్టు చాలు. జేబులో వేలు ఇరుక్కుంటే వేలు పోతుంది. గీ తప్పనిసరి అన్న చోట అడిగి అరువు తీసుకోండి. కొనేటప్పుడు 350 నుంచి 450 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) మధ్య తేలికైనది తీసుకోండి, మన ఎండలకు 550 మోయలేరు, ఆరదు కూడా. మీ ఎత్తుకు ఒక సైజు, మీ బరువుకు అంతకంటే పెద్ద సైజు రావచ్చు. పొడుగు కత్తిరించుకోవచ్చు, ఛాతీ దగ్గర అతుకు వేయలేం, కాబట్టి పెద్దదే. కంపెనీ కంపెనీకి కొలత మారుతుంది, వాళ్ల చార్టు చూడండి. నూలు కదా, ఉతికితే కాస్త కుదించుకుంటుంది. చన్నీళ్లలో ఉతకండి, బ్లీచ్ వేయకండి, నూలు బలహీనపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ముసురులో ఒక గీ రెండు రోజులకూ ఆరదు. ఆ మూడు నెలలకు రెండోది ఉండాలి. తడి గీ, ముక్కిన వాసన వస్తున్న బెల్టు మ్యాట్ మీదికి తేవడం పక్కవాళ్లకు చేసే ద్రోహం.

మళ్లీ వేసుకునే బట్ట ఏదీ ఉతక్కుండా వేయకండి. క్లాసు అయిన గంటలోపు సబ్బుతో స్నానం. గోళ్లు చేతులవీ కాళ్లవీ ముందు రోజే తీసుకోండి. అదే రోజు తీస్తే అంచులు పదునుగా ఉండి గీరతాయి.

తామర వస్తుంది, రాదని అనుకోకండి. గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేరినట్టు, దురద. ఇక్కడ మన మెడికల్ షాపుల అలవాటు ప్రమాదం. "దురదకు ఏదైనా ఇవ్వండి" అంటే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు ఇస్తారు. ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బెటామెథాసోన్ అనో ఉంటే తిరిగి ఇచ్చేయండి. రెండు రోజుల్లో దురద పోతుంది, లోపల ఫంగస్ పాకుతుంది, తర్వాత మామూలు మందుకు లొంగదు. చర్మం డాక్టరును చూడండి, మచ్చ పోయినట్టు కనిపించినా చెప్పినన్ని రోజులు మందు రాయండి, ఆయన సరే అనేదాకా మ్యాట్ ఎక్కకండి. ఎర్రగా వాచి, వేడిగా, చీము పట్టిన గడ్డ అయితే అది వేరే, ఆరోజే చూపించండి.

తిండి: రాగిసంగటి ముద్ద తిని క్లాసుకు పోకండి. దానికి మూడు గంటల ఎడం కావాలి. గంట ముందు ఒక అరటిపండు చాలు. తర్వాత రెండు ఉడికించిన గుడ్లు, గుప్పెడు ఉడికించిన శనగలు, పెరుగన్నం. వేరుశనగలు ప్రొటీన్ కోసం మంచివే, కానీ వంద గ్రాములకు 560 కేలరీల పైమాటే, బరువు తగ్గాలనుకునేవాళ్లు గిన్నె పక్కన పెట్టుకుని కూర్చోకూడదు.

సీతమ్మ_చిత్తూరు:

ఇదే ప్రశ్న ఆడవాళ్ల వైపు నుంచి. క్లాసులో నేనొక్కదాన్నే అయితే ఎలా?

ఊదాబెల్టు:

అక్కా, ట్రయల్ క్లాసుకు తోడుగా ఒకరిని తీసుకెళ్లండి, చూడటానికి అనుమతి ఇవ్వకపోతే ఆ చోటు వద్దు. భాగస్వామిని మీరే ఎంచుకుంటానని, ఎవరితోనైనా కాదనే హక్కు ఉండాలని కోచ్‌తో మొదట్లోనే చెప్పండి. ఆయన మొహం చిట్లిస్తే అదే జవాబు. మొదట్లో కోచ్‌తోగానీ, మీ బరువుకు దగ్గరగా ఉన్న పైబెల్టుతోగానీ చేయండి. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి చేరితే వేరే బ్యాచ్ అడిగే బలం వస్తుంది. గీ లోపల రాష్ గార్డ్, స్పాట్స్ (బిగుతు లెగ్గింగ్స్) తప్పకుండా, లాగులాటలో పైచొక్కా తెరుచుకుంటుంది. జుట్టుకు మెటల్ క్లిప్పులు వద్దు, మెత్తటి రబ్బరు రెండు. తాళి, గాజులు, ముక్కుపుడక, మెట్టెలు తీయాల్సిందే. తీయడం కుదరదంటే తాళికి టేపు వేసి నెట్టుకొస్తారు కొందరు, అది పనిచేయదు. గొలుసు చోక్‌లో మెడను కోస్తుంది.

రేణిగుంట_షిఫ్టు:

వచ్చే వారం బీ షిఫ్టు, ఉదయం బ్యాచ్ చూడటానికి వెళ్తున్నా. డాక్టరు అపాయింట్‌మెంట్ శనివారం. మౌత్‌గార్డ్ ఇప్పుడే కొనాలా?

కపిలతీర్థం_రోడ్డు:

రోల్ మొదలుపెట్టే ముందు కొంటే చాలు. వేడినీళ్లలో ముంచి కొరికేది తీసుకోండి. నీళ్లు మరిగి దించాక, ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లే ముంచండి. ఎక్కువైతే ముద్దయిపోతుంది. కొరికి, పెదాలు మూసి, చప్పరించి పట్టాలి. నోరు తెరిచినా పై పళ్లకు అంటుకుని ఉంటే సరిగ్గా కుదిరినట్టు. పడిపోతే మళ్లీ ముంచండి. చూడటానికి వెళ్లే రోజు సంచిలో చెప్పులు మాత్రం మరిచిపోకండి, మ్యాట్ దిగగానే వేసుకోవడానికి.